పేరు ఒకరిది, చేయి ఒకరిది

వర్తకంలో పేరుకు ఎంత విలువ ఉన్నదో వర్తకునికి ఎవరూ చెప్పవలసిన పని లేదు. దుకాణం మీద బోర్డులో ఒక పేరు ఉంటుంది. లోపల గద్దె మీద కూర్చుండేవారు మరొకరు. సరుకు తూచే గుమాస్తా వేరొకడు. పెట్టుబడి పెట్టినవాడు పొరుగూరిలో ఉండవచ్చు. ఇందులో తప్పేమీ లేదు. కాని అరువు ఇచ్చేవాడు మాత్రం ఒక ప్రశ్న అడిగి తీరుతాడు: ఈ సంస్థలో భాగస్థులెవరు, రేపు మాట తప్పితే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న న్యాయమైనదని గుర్తించే 1932వ సంవత్సరపు భారత భాగస్వామ్య చట్టం సంస్థల రిజిస్టరును ఏర్పరచింది. నిర్ణీతమైన రుసుము చెల్లించి ఎవరైనా దానిని చూడవచ్చు. నమోదు చేసుకొనడం నిర్బంధం కాకపోయినా, నమోదు కాని సంస్థ తన ఒప్పందపు హక్కుల కోసం ఇతరుల మీద దావా వేయడానికి సాధారణంగా వీలు లేదని చెప్పి, చట్టం ఆ రిజిస్టరుకు బలం చేకూర్చింది.

పది బస్తాల కందిపప్పు అరువిచ్చేవానికి ఉన్న ఈ హక్కు, తన శరీరాన్నే మరొకరి చేతికి అప్పగించే రోగికి ఉన్నదా? తనకు వైద్యం చేస్తున్నది ఎవరు, ఆ చేయి వెనుక నిలిచి బాధ్యత వహించే వైద్యుడెవరు అని తెలిసికొనడానికి నలుగురూ చూడగల పుస్తకం ఒకటి ఉండాలా? ఇది కేవలం చట్టానికి సంబంధించిన ప్రశ్నగా పైకి కనిపిస్తుంది. లోతుకు పోతే సత్యానికీ, నమ్మకానికీ సంబంధించిన ప్రశ్న.

వైద్యం ఏ కాలంలోనూ ఒక్కరు చేసే పని కాదు. చికిత్సకు నాలుగు పాదాలని చరకసంహిత చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏది కుంటుపడినా చికిత్స సాగదు. నేటి ఆసుపత్రిలోనూ అంతే. రోగిని మొదట చూచేది నర్సు, మందు ఇచ్చేది ఫార్మసిస్టు, రక్తం పరీక్షించేది వేరొకరు, వీరందరి పనిని కలిపి నిర్ణయం చేసేది వైద్యుడు. ఒక్క వైద్యుడే అన్నీ చేయాలని పట్టుపడితే పల్లెలలో వైద్యమే ఉండదు. కావున పని పంచుకొనడం దోషం కాదు. పంచుకొన్న సంగతిని దాచడం దోషమవునా అన్నదే విచారింపవలసిన విషయం.

ఒక ఉదాహరణ తీసికొందాం. ఒక పట్టణంలో దాతల సొమ్ముతో నడిచే ధర్మ వైద్యశాల ఉన్నదనుకొందాం. బోర్డు మీద ఒక వైద్యుని పేరు, ఆయన డిగ్రీలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. ఆయన వారానికి ఒకరోజు వచ్చి ఒక గంట కూర్చుంటారు. మిగిలిన ఆరు రోజులూ రోగులను చూచేది అనుభవం గల నర్సు. మందుచీటీ మీద మాత్రం వైద్యుని పేరే అచ్చయి ఉంటుంది. ఒక సాయంకాలం ఒక అవ్వ జ్వరంతో ఉన్న మనుమణ్ణి ఎత్తుకొని వస్తుంది. నర్సు చూచి తనకు తోచిన మందు ఇస్తుంది. రాత్రి పిల్లవానికి ఒంటినిండా దద్దుర్లు లేచి, ఊపిరి భారమవుతుంది. అవ్వ చీటీ పట్టుకొని వైద్యుని ఇంటికి పరుగెత్తుతుంది. "ఈ పిల్లవాణ్ణి నేను చూడనే లేదు" అంటాడు వైద్యుడు. అది నిజమే. "డాక్టరుగారు చెప్పి ఉంచిన ప్రకారమే ఇచ్చాను" అంటుంది నర్సు. అదీ నిజమే. ధర్మకర్తలు "మేము డబ్బు ఇచ్చేవారమే గాని వైద్యం తెలిసినవారము కాము" అంటారు. అందులోనూ అబద్ధం లేదు. ముగ్గురూ నిజమే చెప్పారు. కాని ఆ రాత్రి అవ్వకు తట్టడానికి ఒక్క తలుపు మిగలలేదు.

ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. ఐనా ఒక అసత్యం జరిగింది. ఆ అసత్యం బోర్డు మీద ఉన్నది. చూడని వైద్యుని పేరు చూచినట్లు నిలబడింది. చూచిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఇద్దరి మధ్య ఉన్న సంబంధం ఏ పుస్తకంలోనూ వ్రాసి లేదు.

వైద్యుల రిజిస్టరు పుట్టిన చరిత్ర ఈ సందర్భంలో గమనింపదగినది. ఇంగ్లండులో 1858లో వచ్చిన వైద్య చట్టం ఒక చిన్న ఉద్దేశాన్ని తన పీఠికలోనే చెప్పుకొన్నది. వైద్యసహాయం కోరే ప్రజలు అర్హత గలవారినీ లేనివారినీ వేరు చేసి గుర్తుపట్టగలగాలన్నదే ఆ ఉద్దేశం. అందుకై ఒక మండలిని స్థాపించి, ఒక రిజిస్టరును అచ్చువేయించి ప్రజల ముందు ఉంచారు. భారతదేశంలో బొంబాయి రాజధాని 1912లోనూ, మద్రాసు రాజధాని 1914లోనూ అట్టి చట్టాలు చేసికొన్నాయి. దేశమంతటికీ వర్తించే మండలి 1933 చట్టంతో వచ్చింది. దాని స్థానంలో 1956 చట్టం, దాని తరువాత 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చాయి.

ఈ రిజిస్టర్లన్నీ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతాయి: ఈయన వైద్యుడా, కాడా? ఈ వైద్యుడు ఎవరెవరితో కలిసి పని చేస్తున్నాడన్న రెండవ ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. ఆ రెండవ ప్రశ్న ఎదురైనప్పుడు ఇంగ్లండులోని మండలి చాలకాలం ఒకటే మార్గం పట్టింది. జవాబు వ్రాసికొనడానికి మారుగా, కలియడాన్నే నిషేధించింది.

ఆ నిషేధానికి కారణం లేకపోలేదు. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో కొందరు వైద్యులు తమ పేరును అద్దెకిచ్చేవారు. అర్హత లేని సహాయకుడు ఒక వీధిలో వైద్యశాల నడిపేవాడు. సంతకాలకు, మరణ ధృవపత్రాలకు వైద్యుని పేరు వాడుకొనేవాడు. వచ్చిన సొమ్ములో వైద్యునికి వాటా. పేదల పేటలలో ఈ వ్యాపారం జోరుగా సాగింది. మండలి దీనిని కఠినంగా అణచివేయడం ప్రజలకు మేలే చేసింది.

కాని నియమం ఎంత కఠినమైతే, అది దొంగనూ దొరనూ ఒకే కాటాలో తూచే ప్రమాదం అంత ఎక్కువ. లండనులో ఫ్రెడరిక్ విలియం ఆక్సమ్ అనే వృద్ధ వైద్యుడు ఉండేవాడు. హెర్బర్ట్ బార్కర్ అనే అతడు కీళ్లు సరిచేయడంలో, బెణికిన ఎముకలు కుదర్చడంలో పేరు పొందాడు. అతనికి వైద్యవిద్యలో డిగ్రీ లేదు. ఆంధ్రదేశంలో పుత్తూరు కట్టును ఎరిగినవారికి ఇట్టి నేర్పు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. బార్కర్ కీళ్లను సరిచేసేటప్పుడు రోగి నొప్పికి తాళలేడు. ఆ రోగులకు మత్తుమందు ఇచ్చే బాధ్యతను ఆక్సమ్ బహిరంగంగానే వహించాడు. అర్హత లేనివానితో కలిసి పని చేశాడన్న నేరానికి 1911లో ఇంగ్లండు వైద్యమండలి ఆయన పేరును రిజిస్టరు నుండి కొట్టివేసింది.

తరువాత జరిగినది మరింత ఆలోచింపదగినది. 1922లో ప్రభువు బార్కర్‌కు సర్ బిరుదమిచ్చి గౌరవించాడు. అతని పక్కన నిలిచిన వైద్యుని పేరు మాత్రం మండలి రిజిస్టరులోకి ఎక్కలేదు. జార్జి బెర్నార్డ్ షా వంటి రచయిత ఆయన పక్షాన గొంతెత్తినా ఫలితం లేకపోయింది. ఆక్సమ్ 1926లో మరణించాడు. 1936లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో బార్కర్ తన పద్ధతిని శస్త్రవైద్యుల ఎదుటనే ప్రదర్శించి చూపాడు.

బార్కర్ పద్ధతి అన్ని విధాలా శాస్త్రసమ్మతమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆక్సమ్ ఏమి దాచాడు అన్నది ప్రశ్న. ఆయన ఏమీ దాచలేదు. మత్తుమందు ఇచ్చేది తెలిసినవాడే ఐ ఉండాలన్న రోగి క్షేమం ఆయన చూచుకొన్నాడు. అట్టివానిని శిక్షిస్తే లోకం ఏమి నేర్చుకొంటుంది? కలిసి పని చేయడం మానుకోదు. చాటుగా చేయడం అలవాటు చేసికొంటుంది. బాహాటంగా పంచుకొన్నవానికి శిక్ష, గుట్టుగా పంచుకొన్నవానికి లాభం అన్నప్పుడు రిజిస్టరు తన మొదటి ఉద్దేశానికే ద్రోహం చేసినట్లవుతుంది.

నిషేధానికీ, గుట్టుకూ మధ్య మూడవ మార్గం ఒకటున్నది. కలియనిచ్చి, కలిసిన సంగతిని వ్రాయించడం. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం ఈ మార్గం పట్టింది. ఉన్నత శిక్షణ పొందిన నర్సులు వైద్యునితో వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసికొని రోగులను చూడవచ్చునని అక్కడ 1993లో చట్టం చేశారు. నర్సు చూచిన రోగుల కాగితాలలో నూటికి పదింటినైనా 14 రోజుల కొకసారి వైద్యుడు పరిశీలించాలని నియమం పెట్టారు. అలవాటు పడితే హాని చేసే నియంత్రిత మందులు వ్రాసిన కాగితాలైతే నూటికి ఇరవై చూడాలి. ఒక వైద్యుడు ఎందరితోనైనా ఒడంబడిక చేసికొనడానికి వీలు లేదు. పూర్తికాలం పనిచేసేవారు ఆరుగురికి మించరాదన్న హద్దు తరువాతి కాలంలో వచ్చింది. నర్సు మందులు వ్రాసే ప్రతి వైద్యశాలలోనూ అందరికీ కనబడేటట్లు ఒక ప్రకటన ఉండాలి. మిమ్మల్ని నర్సు చూడవచ్చు, వైద్యుణ్ణే చూడాలని కోరే హక్కు మీకున్నది అన్నది దాని సారాంశం.

వీటన్నిటికన్న ముఖ్యమైన నియమం మరొకటి. వైద్యుడు తన లైసెన్సును పునరుద్ధరించుకొన్న ప్రతిసారీ, ఏర్పాటు మారిన ప్రతిసారీ, తాను ఎవరెవరితో కలిసి పని చేస్తున్నాడో పేరు పేరునా మండలికి తెలియజేయాలి. మండలి ఆ వివరాలను ప్రజలకు తెలుపవచ్చునని చట్టమే చెబుతున్నది. పాత రిజిస్టరు వైద్యుణ్ణి ఒంటరిగా చూపింది. ఈ నియమం ఆయనను ఆయన పనివారితో కలిపి చూపుతుంది.

ఇట్టి జాబితాపై వచ్చే ఆక్షేపణలు తేలికైనవి కావు. రోగం వచ్చినవాడు రిజిస్టరు తిరగవేస్తాడా అన్నది మొదటిది. తిరగవేయడు. అర్ధరాత్రి ఊపిరి అందని పిల్లవానితో వచ్చిన అవ్వ ఏ జాబితానూ చదవదు. రెండవది, కాగితం మీద పేరున్నంత మాత్రాన పర్యవేక్షణ జరుగుతున్నదన్న నమ్మకమేమిటి అన్నది. ఇదీ నిజమే. నూరు మైళ్ల దూరాన కూర్చుండి సంతకం చేసి సొమ్ము పుచ్చుకొనేవారు ఎక్కడైనా ఉంటారు. మూడవది, పేరు బయటపడితే వైద్యులు వెనుకంజ వేస్తారనేది. నర్సు చేసిన ప్రతి పొరపాటుకూ తనను కోర్టుకు ఈడుస్తారన్న భయంతో ఎవరూ చేయి కలపకపోతే, నష్టపోయేది పల్లెల వారే. నాలుగవది, లోకం మెచ్చని సేవ చేసే వైద్యుని పేరు బహిరంగమైతే గిట్టనివారు ఆయనను వేధించవచ్చు.

నాలుగవ ఆక్షేపణను తీసివేయరాదు. ఆ భయం నిజమైన చోట వైద్యుని ఇంటి చిరునామాకు జాబితాలో చోటు లేదు. పేరు, నమోదు సంఖ్య, పని చేసే స్థలం, కలిసి పనిచేసేవారి పేర్లు, ఇంతవరకు చాలు. ఇంత జాగ్రత్త పడినా కొంత ప్రమాదం మిగులుతుంది. సత్యం చెప్పడం వలన ఒక్కొక్కప్పుడు చెప్పినవానికి కష్టం కలుగుతుందన్నది లోకం ఎరిగిన సంగతే.

మూడవ ఆక్షేపణకు జవాబు దానిలోనే ఉన్నది. పేరు బయటపడుతుందంటే వెనుకంజ వేసే వైద్యుడు, ఇంతవరకు దేనికి ముందుకు వచ్చినట్లు? బాధ్యత లేని ప్రతిఫలానికే కదా. అట్టివాడు వెనుదిరిగితే పల్లెకు కలిగే నష్టం పైకి కనిపించేటంతటిది కాదు. ఐతే న్యాయమైన భయం గల వైద్యుడు కూడా ఉంటాడు. తాను చెప్పిన హద్దును నర్సు దాటితే ఆ తప్పు ఆమెది కావాలి, హద్దే గీయకపోతే ఆ తప్పు తనది కావాలి అని ఆయన కోరితే అది ధర్మమే. హద్దులను వ్రాసి ఉంచే ఒడంబడిక ఇట్టివానికి రక్షణే ఇస్తుంది.

మొదటి రెండు ఆక్షేపణలకు జవాబు కావాలంటే రిజిస్టరు అసలు ఎవరి నిమిత్తమో ఆలోచించాలి. చదివేవాని నిమిత్తమే అనుకొంటే అది చాలవరకు వ్యర్థమే. కాని వర్తకులకు జామీను సంగతి బాగా తెలుసు. అప్పు పుచ్చుకొనేవానికి జామీను నిలిచినవాడు పత్రం మీద ఎప్పుడు సంతకం చేస్తాడు? అప్పు ఇచ్చే నాడే చేస్తాడు. ఎగవేసిన తరువాత చేయడు. ఆ సంతకం పెట్టెలో పడి ఉంటుంది. పదేళ్లలో ఎవరూ దానిని తీసి చూడకపోవచ్చు. ఐనా సంతకం చేసిన నాటి నుండి జామీనుదారు ఆ అప్పు పుచ్చుకొన్నవాని నడత మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. సంతకం అతనిని మార్చింది. రిజిస్టరులో తన పక్కన ఫలానా నర్సు పేరు వ్రాయించిన వైద్యుడు కూడా అంతే. ఎవరు చదివినా చదవకపోయినా, ఆ పని తన పని అని ముందుగా ఒప్పుకొన్నవాడవుతాడు. కీడు జరిగిన తరువాత "నేను చూడలేదు" అనే వీలు తనకు తానే మూసివేసికొన్నాడు. కాగితం పర్యవేక్షణ చేయదు. పర్యవేక్షణ చేయనివానిని అడిగే ఆధారం మాత్రం కాగితమే ఇస్తుంది.

ఈ విషయంలోనే దలాలీ ప్రశ్న కూడా ఇమిడి ఉన్నది. తెలుగు పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టరు అని పిలువబడేవారు ఎందరో ఉన్నారు. ఆ మూడక్షరాలలో మొదటిదానికి అర్థం రిజిస్టరులో ఉన్నవాడని. కాని వారిలో చాలమంది పేర్లు ఏ వైద్యమండలి రిజిస్టరులోనూ ఉండవు. అర్ధరాత్రి పిలిస్తే పలికేవాడు ఆయనే కావడం వలన పల్లె ఆయనను నమ్ముతుంది. జబ్బు ముదిరితే పట్టణంలోని ఆసుపత్రికి ఆయనే పంపుతాడు. పంపినందుకు కొన్ని చోట్ల ఆసుపత్రి నుండి ఆయనకు వాటా ముడుతుందన్నది అందరూ ఎరిగిన రహస్యం.

వర్తకుడు వెంటనే అడగవచ్చు: అడితి వ్యాపారంలో దలాలీ లేదా? ఉన్నది. కాని దాని రేటు అమ్మేవానికీ కొనేవానికీ తెలుసు, లెక్కలో వ్రాస్తారు. ఏజెంటు తన యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలోనే స్వంతానికి లాభం చేసికొంటే, ఆ లాభం యజమాని కోరవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతుంది. ఐతే వైద్యంలో నియమం ఇంతకన్న కఠినం. రోగిని పంపినందుకు వైద్యుడు కమిషను ఇవ్వరాదు, పుచ్చుకొనరాదు, అడగరాదు అని భారత వైద్యమండలి 2002లో చేసిన నియమావళి శాసించింది. చెప్పి పుచ్చుకొన్నా తప్పే. బజారులో దలాలీ తెలిసిన కొనుగోలుదారు నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాడు. ప్రాణభయంలో ఉన్న రోగికి ఆ స్వేచ్ఛ లేదు. అందుచేత వైద్యంలో దాచకపోవడం అవసరమే గాని, అంతమాత్రాన సరిపోదు. దాచనిదానిలో కూడా లోభం ఉండరాదు.

అదే నియమావళిలో మరొక మంచి మాట ఉన్నది. ఒక రోగి విషయమై పలువురు వైద్యులు సంప్రదించుకొనేటప్పుడు రోగి మేలే ప్రధానమనీ, వారందరూ రోగితోనూ అతని వారితోనూ దాపరికం లేకుండా మాట్లాడాలనీ అది కోరుతున్నది. వైద్యుడు తన నమోదు సంఖ్యను వైద్యశాలలోనూ మందుచీటీ మీదా చూపాలని కూడా ఆదేశించింది. 2019 చట్టం మరొక అడుగు ముందుకు వేసి, పరిమితమైన లైసెన్సుతో పనిచేసే సామాజిక ఆరోగ్య సేవకులకు వీలు కల్పించింది. ప్రాథమిక, నివారణ చికిత్సలలో నిర్ణయించిన మందులను వారు స్వయంగా ఇవ్వవచ్చు. మిగిలిన సందర్భాలలో వైద్యుని పర్యవేక్షణలోనే ఇవ్వాలి. వారి పేర్లకు వేరొక రిజిస్టరు ఉండాలని కూడా ఆ చట్టం చెబుతుంది. రెండు రిజిస్టర్లు ఉండడం మంచిదే. కాని ఒక పుస్తకంలో సేవకుడు, ఇంకొక పుస్తకంలో వైద్యుడు ఉంటే, ఎవరు ఎవరి పర్యవేక్షణలో ఉన్నారన్నది రోగికి తెలియదు. చిట్టా వేరు, ఆవర్జా వేరుగా ఉన్నా ఒకదాని పుట సంఖ్య మరొకదానిలో వ్రాసినప్పుడే లెక్క తేలుతుందని గద్దె మీద కూర్చున్న పిల్లవానికి కూడా తెలుసు.

ప్రభుత్వం ఆ పుట సంఖ్య వ్రాసేవరకు వేచి ఉండనక్కరలేని చోటు ఒకటున్నది. ఔషధదానం చతుర్విధ దానాలలో ఒకటిగా తరతరాలుగా ఆచరిస్తున్న వర్తక కుటుంబాలు అనేక పట్టణాలలో ధర్మ వైద్యశాలలను పోషిస్తున్నాయి. దాతల పేర్లు చలువరాతి ఫలకాల మీద చెక్కించడం ఆనవాయితీ. అది తప్పు కాదు. ఆ ఫలకం పక్కనే ఒక చిన్న బోర్డు మీద నాలుగు సంగతులు వ్రాయిస్తే దానం మరింత పరిశుద్ధమవుతుంది. ఈరోజు రోగులను చూచేది ఎవరు, వారి చదువు ఏమిటి, వారికి బాధ్యత వహించే వైద్యుడెవరు, ఆయనను ఎప్పుడు ఎక్కడ కలియవచ్చు. చీటీ మీద కూడా చూచినవారి పేరు ఒకటి, బాధ్యులైనవారి పేరు ఒకటి ఉండాలి. రాని వైద్యుని పేరు బోర్డు మీద ఉంచడం కంటె, వచ్చే నర్సు పేరు ఉంచడం గౌరవం. ఆమె చేసే సేవ ఆమె పేరనే జమ కావాలి. ఇన్నాళ్లూ ఆమె ఖాతాలో పడవలసిన పుణ్యం వేరొకరి ఖాతాలో పడింది. ఆమె పొరపాటు మాత్రం ఎవరి ఖాతాలోనూ పడకుండా గాలిలో నిలిచింది.

ఈ మాట ధర్మకర్తలకు ఇబ్బంది కలిగించవచ్చు. పెద్ద డిగ్రీలు బోర్డు మీద లేకపోతే జనం రారేమోనని సంకోచం కలుగుతుంది. వైద్యునితో స్నేహం చెడుతుందేమోనని మొగమాటం ఉంటుంది. కాని నాణెం మీద ఉన్న ముద్రకూ లోపలి లోహానికీ తేడా ఉన్నదని తెలిసి కూడా చలామణీ చేసే వర్తకునికి లోకం ఏ పేరు పెడుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. దానం విషయంలో ఆ తేడా పేదవాని ప్రాణంతో తేలుతుంది. ఉచితంగా ఇచ్చాము గనుక ప్రశ్నింపరాదనడం దానం కాదు. డబ్బు ఇచ్చి అడిగేవానికన్న, అడిగే ధైర్యం లేనివానికే ముందుగా జవాబు చెప్పి ఉంచాలి.

ఆ అవ్వ చదువుకొన్నది కాకపోవచ్చు. రిజిస్టరు అన్న మాటే ఆమె విని ఉండకపోవచ్చు. కాని ఆ రాత్రి ఆమె చేతిలోని చీటీ మీద ఒక నిజమైన పేరు ఉంటే, వీధిలో చదువు వచ్చిన ఎవరో ఒకరు దానిని చదివి ఆ ఇంటికి దారి చూపుతారు. లోపలి నుండి వచ్చిన వైద్యుడు చీటీ చూచి, "మా నర్సు ఇచ్చిన మందే, బాధ్యత నాది, పిల్లవాణ్ణి లోపలికి తీసికొని రండి" అనాలి. వైద్యుని పేరు, ఆయనతో కలిసి పనిచేసేవారి పేరు ఒకే పుస్తకంలో పక్కపక్కన వ్రాయించడంలోని ప్రయోజనం ఈ మాట ఆయన నోట రావడమే.